పరగడుపు మాత్ర

నాది పక్క సీటు ఉద్యోగం. మిస్సిసాగాలో తొమ్మిదేళ్ళు డ్రైవింగ్ నేర్పాను. నేర్చుకునేవాళ్ళు స్టీరింగ్ ముందు కూర్చుంటే నేను వాళ్ళ కుడి పక్కన కూర్చునేదాన్ని. నా కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉండేది. దాన్ని ఎన్ని వందలసార్లు తొక్కానో నాకే తెలీదు. తొక్కే కాలు గురించి మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు. కాలు ఉంది, చెప్పిన పని చేస్తుంది, అంతే.

కాలేజీలు ఇండియా నుంచి వచ్చిన పిల్లలతో కిటకిటలాడుతున్న ఏళ్ళవి. మా వీధిలో ఏ ఇంటి బేస్‌మెంట్‌లో చూసినా నలుగురైదుగురు ఉండేవాళ్ళు. వాళ్ళలో తెలుగు పిల్లలందరికీ నా నంబరు ఎలాగో చేరేది. సుభద్ర ఆంటీ అయితే తెలుగులో తిడుతుంది, తొందరగా ఎక్కుతుంది అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళట. తిట్టేదాన్ని, నిజమే. మంచులో కారు జారితే కెనడా వాళ్ళు మర్యాదగా పక్కకు తప్పుకోరు కదా.

ఆ అక్టోబరులో ఒక మధ్యాహ్నం స్రవంతి అనే అమ్మాయి కారు నడుపుతోంది. జగిత్యాల పిల్ల. కాలేజీలో చదువుతూ కాఫీ షాపులో పని చేసేది. ఒక స్కూలు ముందు ముసలాయన ఒకడు కర్ర ఊపుతూ రోడ్డు దాటడానికి దిగాడు. నేను చూశాను. బ్రేకు అని కాలికి చెప్పాను. కాలు విన్నది, విని కాసేపు ఆలోచించుకుంది. అది కదిలేలోపే కారు ఆగిపోయింది.

"ఆంటీ, నేనే కొట్టిన బ్రేకు. మీరు కొట్టలే" అంది స్రవంతి గర్వంగా.

శభాష్ అన్నాను. ఆ పూట ఇంటికి వచ్చి చాలాసేపు కారులోనే కూర్చుండిపోయాను. 

అప్పటికే కొన్ని జరుగుతున్నాయి, నేనే లెక్కచేయలేదు. పిల్లల పాఠాల షీటు మీద నా రాత వారం వారం చిన్నదైపోతోంది. కుడి చేతి బొటనవేలు ఊరికే ఉన్నప్పుడు తనంతట తాను ఏదో నలుపుతున్నట్టు కదులుతోంది. తర్వాత ఎడమ చేతికీ అదే పట్టుకుంది. మా అమ్మాయి మేఘన వేరే ఊళ్ళో యూనివర్సిటీలో చదువుతుంది. సెలవులకు వచ్చి, నేను నడుస్తుంటే వెనక నుంచి చూసి, "అమ్మా, వై ఆర్ యువర్ ఆర్మ్స్ నాట్ స్వింగింగ్?" అని అడిగింది. నీకు అడగడానికి తెలుగు రాదా అని కసిరాను. ఇక పిల్లలైతే, ఆంటీ ఈ మధ్య ఎప్పుడూ కోపంగా ఉంటున్నారు అనుకునేవాళ్ళట. నేను కోపంగా లేను. నా మొహం కదలడం తగ్గించేసింది, ఆ సంగతి నాకు తెలీదు.

మా ఆయన గురించి ఇక్కడే చెప్పాలి. పేరు ఆనందరావు. ఎయిర్‌పోర్టు దగ్గర ఒక గోడౌన్‌లో లారీలు పంపించే పని చూస్తారు. ఆయన దృష్టిలో లోకంలోని సగం రోగాలకు గ్యాసే కారణం. అప్పటికి మూడేళ్ళ క్రితం ఏలూరు వెళ్ళినప్పుడు నాకు కడుపుబ్బరంగా ఉంటే అక్కడి డాక్టరు పది రోజులకు ఒక మాత్ర రాశారు. పది రోజుల్లో హాయిగా అనిపించింది. హాయిగా ఉన్నదాన్ని ఎందుకు మానాలని పదకొండో రోజు కూడా వేసుకున్నాను. అలా అది మా ఇంట్లో స్థిరపడిపోయింది. రోజూ పొద్దున్నే ఆయన ఒక చేత్తో గోరువెచ్చని నీళ్ళు, ఇంకో చేత్తో మాత్ర పట్టుకుని మంచం దగ్గరికి వచ్చేవారు. పరగడుపున వేసుకోవాలి కాబట్టి కాఫీకి ముందే. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆయన నాకు ఒక్కసారి పువ్వులు తెచ్చింది లేదు గానీ, ఆ మాత్ర మాత్రం ఒక్క రోజు మరిచిపోలేదు.

అవి అయిపోవస్తున్నాయంటే ఇండియా నుంచి ఎవరో ఒక పిల్లో పిల్లాడో బయల్దేరుతూ ఉండేవాళ్ళు. అంకుల్, ఏమన్నా తేవాలా అని వాళ్ళు అడగడం, మాకేం వద్దమ్మా, ఈ మాత్రలు ఓ పది స్ట్రిప్పులు పట్టుకురా అని ఈయన ఫొటో పంపడం. స్రవంతి కూడా తన సూట్‌కేసులో ఊరగాయ సీసా పక్కన పెట్టుకుని తెచ్చింది. సీసా పగిలింది, మాత్రలు భద్రంగా వచ్చాయి.

ఫ్యామిలీ డాక్టరు మొదట థైరాయిడ్ అనుకుని దానికో మాత్ర రాశారు, తర్వాత వయసు అన్నారు, ఆ తర్వాత ఎందుకైనా మంచిదని న్యూరాలజిస్టుకు రాశారు. ఆ అపాయింట్‌మెంటు ఫిబ్రవరిలో దొరికింది. వెయిటింగ్ రూములో ఇచ్చిన ఫారంలో, మీరు వాడుతున్న మందులు అనే గడిలో థైరాయిడ్ మాత్ర అని ఒక్కటే రాశాను. నిజాయితీగానే రాశాను. గ్యాస్ మాత్రను మందు అని ఎవరంటారు?

న్యూరాలజిస్టు చిన్న వయసావిడ. వేలికి వేలు తట్టమన్నారు, మడమ నేలకు తట్టమన్నారు, కారిడార్‌లో నడిచి వెనక్కి తిరగమన్నారు. తిరగడానికి నాకు ఐదారు అడుగులు పట్టింది. మా ఆయన కుర్చీలో కూర్చుని నా అడుగులు చూస్తున్నారు, మొదటిసారి చూస్తున్నట్టు. పార్కిన్సన్స్ కావచ్చు అన్నారావిడ. కావచ్చు అనే అన్నారు, అయింది అనలేదు. మిగతావి ఏమీ కాదని తేల్చుకోవడానికి ఎమ్మారై రాస్తానన్నారు.

డ్రైవింగ్ నేర్పొచ్చా అని అడిగాను. ఆవిడ, మీ కాలు మీద మీకు నమ్మకం ఉందా అని తిరిగి అడిగారు. అంతకంటే లైసెన్సు లాక్కుని ఉంటే బాగుండేది. పార్కింగ్‌లో కారెక్కాక మా ఆయన హీటర్ వేశారు. తర్వాత, గ్యాస్ నరాల్లోకి గానీ పట్టిందేమో అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మర్నాడు పొద్దున మాత్ర మామూలుగానే తెచ్చిచ్చారు.

ఆ వారమే డ్రైవింగ్ స్కూలు యజమానికి ఫోన్ చేసి, ఇక కారులో పాఠాలు చెప్పలేనని చెప్పాను. ఆయన పంజాబీ ఆయన, మంచివాడు. కారణం అడగలేదు. వారానికి రెండు రోజులు క్లాసురూములో రోడ్డు రూల్స్ చెప్పమన్నాడు.

అప్పటి నుంచి మొదలైంది నా జైలు. కరోనా తర్వాత పేరుకుపోయిన క్యూ ఇంకా తగ్గలేదు, ఎమ్మారైకి నెలలు పడుతుందన్నారు. ఎవరైనా రాలేకపోతే ఆ స్లాటు ఇవ్వడానికి క్యాన్సిలేషన్ లిస్టు ఉంటుంది, కావాలంటే పేరు పెడతాం, కానీ పిలిచిన రెండు గంటల్లో రాగలిగితేనే అన్నారు. పెట్టమన్నాను. ఆ ఒక్క మాటతో ఊరు దాటే హక్కు పోగొట్టుకున్నాను. ఏలూరు నుంచి మా తమ్ముడు రోజూ ఫోన్. ఇక్కడికి వచ్చెయ్యక్కా, పొద్దున రాయించుకుంటే సాయంత్రానికి ఎమ్మారై తీసేస్తారు అని. వాడి మాట నిజమే. కానీ నేను విమానంలో ఉండగా ఇక్కడ ఫోన్ వస్తే? తిరిగొచ్చేసరికి నా పేరు మళ్ళీ క్యూ చివరికి పోతే? న్యూరాలజిస్టు తర్వాతి అపాయింట్‌మెంటు పోతే? టికెట్లు రెండుసార్లు వెతికి రెండుసార్లూ మూసేశాను. నయాగరా దాకా కూడా వెళ్ళలేదు. ఫోన్ స్నానాల గదిలోకీ పట్టుకుపోయేదాన్ని.

ఇంత చేసినా ఒకసారి మిస్సయ్యాను. క్లాసు చెబుతున్నానని ఫోన్ సైలెంటులో పెట్టాను. బయటికి వచ్చి చూస్తే నంబరు కనపడని మిస్డ్ కాల్, ఒక వాయిస్ మెయిల్. ఈ పూట మూడింటికి స్లాటు ఉంది, ఫోన్ చేయండి అని. చేశాను. అరగంట క్రితమే ఇంకొకరికి ఇచ్చేశాం మేడమ్ అన్నారు, చాలా మర్యాదగా. మేఘనకు చెబితే, "అమ్మా, హౌ కుడ్ యూ మిస్ ఇట్?" అని అరిచింది. నేనూ అరిచాను. ఇద్దరం ఫోన్లో చెరో పక్కన ఏడుస్తూ కూర్చున్నాం. నా కోపం దాని మీద కాదు, నన్ను గుమ్మంలో కట్టేసిన ఆ ఫోన్ మీద.

జూన్‌లో ఒక ఆదివారం పొద్దున పిలిచారు. పుస్తెలు, గాజులు, మెట్టెలు అన్నీ తీసి మా ఆయన చేతిలో పెట్టాను. ఆయన వాటిని కర్చీఫులో మూటగట్టి రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. లోపల మొహం మీద పంజరంలాంటిది బిగించి, చేతిలో రబ్బరు బంతి పెట్టి, భయమేస్తే నొక్కండి, అస్సలు కదలకండి అన్నారు. కదలకుండా ఉండగలిగితే నేను అక్కడికి వెళ్ళేదాన్నే కాదు కదా. ఆ గొట్టంలో ముక్కుకు జానెడు దూరంలో కప్పు, చెవులు పగిలే మోత. మొదట ఇష్టదైవాన్ని తలుచుకున్నాను. తర్వాత దేవుడు కూడా ఆ మోతకు పారిపోయాడు. ఆఖరికి పారలెల్ పార్కింగ్ ఎలా చేయాలో మొదటి నుంచి చివరిదాకా మనసులో ఎవరికో చెప్పుకుంటూ పడుకున్నాను. పదిహేడు కార్లు పార్క్ చేయించాను.

రిపోర్టు ఆన్‌లైన్‌లో ముందుగా మేఘనే చూసింది. నార్మల్. మా ఆయన ఫోన్ పట్టుకుని ఏలూరు మొత్తానికి చెప్పారు. నేను సేమ్యా పాయసం చేశాను. స్రవంతి వచ్చి రెండు గిన్నెలు తాగి, "చెప్పిన కదా ఆంటీ, మీకేం కాదని" అంది. ఆ రెండు వారాలు నేను మళ్ళీ మనిషినయ్యాను. వణుకు అలాగే ఉంది, కానీ దానికి పేరు లేదు కాబట్టి భయం లేదు.

న్యూరాలజిస్టు ఆ సంతోషం మీద నీళ్ళు చల్లారు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకు కూడా ఎమ్మారై మామూలుగానే వస్తుందట. ఇల్లు బాగానే ఉంది, కానీ లోపల కరెంటు ఉందో లేదో ఈ ఫొటోలో కనపడదు అన్నారావిడ. మరి ఏ ఫొటోలో కనపడుతుంది అని అడిగాను.  మెదడులో కదలికలను నడిపించే డోపమైన్ అనే రసాయనం ఎలా ఉందో చూపించే స్కాన్ ఒకటి ఉంది, కానీ అది పెద్ద ఆస్పత్రుల్లో ఎక్కడో కొన్నిచోట్లే చేస్తారు, దానికి గట్టి కారణం చూపించాలి, మీలాంటి వాళ్ళకు సాధారణంగా పరీక్ష చేసి చూస్తే సరిపోతుంది, స్కాన్ తీసినా వైద్యం మారదు అన్నారు. మందు మొదలుపెడదాం, పని చేస్తే అదే రోగం అనుకోవచ్చు అన్నారు.

వైద్యం మారకపోవచ్చు, నేను మారతాను అన్నాను. ఆవిడ బాధపడ్డట్టే కనిపించారు. ఈ రోగాల్లో అనుభవమున్న పెద్ద స్పెషలిస్టుకు రాస్తానన్నారు. అదీ ఇంకో క్యూ. జనవరి దాకా.

ఆ చలికాలం గురించి ఎక్కువ రాయలేను. నేను మందు మొదలుపెట్టలేదు. పేరు తేలని రోగానికి మందు మింగనని మొండికేశాను. ఎడమ చెయ్యి కూడా బాగా బిగుసుకుంది. బయట మంచు, లోపల నేను. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట. కిటికీ దగ్గర కూర్చుంటే మా స్కూలు కారు వీధిలో పోతూ ఉండేది, నా సీట్లో ఇంకొకావిడ. ఆవిడ మీద నాకు అసూయగా ఉండేది. ఉందో లేదో తెలీని రోగంతో బతకడం, ఉందని తెలిసి బతకడం కంటే కష్టమని అప్పుడు తెలిసింది. పూర్తిగా భయపడటానికీ లేదు, పూర్తిగా ఆశపడటానికీ లేదు. నా బాధంతా మా ఆయన మీదే పోసేదాన్ని. కూర ఉప్పగా ఉందనీ, చెప్పులు అడ్డంగా విప్పారనీ. ఆయన పడేవారు. పొద్దున మాత్ర మాత్రం మానలేదు.

జనవరిలో స్పెషలిస్టు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చేటప్పుడు ఇంట్లో మీరు మింగేవన్నీ తెండి, మందు కాదని మీరు అనుకునేవి కూడా అని రాసి ఉంది. మా ఆయన చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. ఇండియా మందులు దాచుకునే స్టీలు డబ్బా మూతతో సహా పట్టుకొచ్చారు.

అక్కడి నర్సు ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన పెద్దావిడ. డబ్బాలోవి ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పేర్చింది. తలనొప్పి బామ్, వాము పొడి, దగ్గు గోళీలు. పేర్లు కంప్యూటర్లో కొడుతూ పోయింది. గ్యాస్ మాత్ర దగ్గర ఆగింది. పేరు కొడితే రాలేదు. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాలు కళ్ళజోడు పెట్టుకుని చదివి, అవి కొట్టింది. ఇది ఎవరు వేసుకుంటారు అని అడిగింది.

"షీ టేక్స్. ఎవ్రీ మార్నింగ్. ఐ గివ్. ఫోర్ ఇయర్స్, నాట్ వన్ డే మిస్" అన్నారు మా ఆయన. ఆ గొంతులో గర్వం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆవిడ స్ట్రిప్పు తీసుకుని లోపలికి వెళ్ళింది. కాసేపట్లో డాక్టరు గారే బయటికి వచ్చారు. తెల్లగడ్డం పెద్దాయన. మమ్మల్ని కూర్చోబెట్టి మెల్లగా చెప్పారు. ఆ మాత్రలో రెండు మందులున్నాయి. ఒకటి ఆసిడ్ తగ్గించేది. రెండోది కడుపు కదలికను పెంచేది. ఆ రెండోది కొందరిలో మెదడులో డోపమైన్ పనికి అడ్డం పడుతుంది, అప్పుడు అచ్చం పార్కిన్సన్స్ లాగే వణుకు, బిగుసుకుపోవడం వస్తాయి. ఈ దేశంలో ఆ మందు అమ్మరు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఈ రోజు నుంచే మానేయండి అన్నారు. రోగం దీనివల్లే అయితే నెలల మీద తగ్గిపోతుంది. లోపల నిజంగా పార్కిన్సన్స్ ఉంటే తగ్గదు.

 ఇప్పుడు మీకు స్కాన్ అడగడానికి గట్టి కారణం దొరికింది అన్నారు. మాత్ర వల్ల వచ్చిందైతే స్కాన్ మామూలుగా వస్తుంది, అసలు రోగమైతే తేడా కనిపిస్తుంది, ఆ తేడా చెప్పడానికే ఆ స్కాన్ ఉంది అన్నారు. ఆరు నెలలుగా నేను కొట్టిన తలుపు, మా ఇంటి స్టీలు డబ్బా తెరిచింది.

లిఫ్టులో మా ఆయన డబ్బాను గుండెకు ఆనించుకుని నిలబడ్డారు. ఇంటికొచ్చాక నేను నోరు పారేసుకున్నాను. పది రోజుల మాత్ర నాలుగేళ్ళు పెడతారా, మీకు బుద్ధుందా అని. మింగింది నేనే, హాయిగా ఉందన్నదీ నేనే. ఆ మాట ఆయన అనొచ్చు. అనలేదు. మెట్ల మీద కూర్చుని స్ట్రిప్పుల్లోంచి మాత్రలన్నీ ఒక్కొక్కటీ ఒత్తి ఒక కవరులో వేశారు, ఫార్మసీలో తిరిగి ఇచ్చేయడానికి.

ఆ రోజు నుంచి ఆయన నా చేతికి మాత్ర ఇవ్వడం మానేశారు. థైరాయిడ్ మాత్ర కూడా బల్ల మీద పెట్టి, నీళ్ళు పక్కన పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయేవారు. స్రవంతికి ఎవరు చెప్పారో, ఫోన్ చేసి ఏడ్చింది. "నేను తెచ్చిన గోలీలతోనేనా ఆంటీ?" అని. నీ ఒక్కదాని సూట్‌కేసే కాదులే, సగం తెలంగాణ మోసుకొచ్చింది, ఏడవకు అన్నాను. ఆ పిల్ల తప్పేముంది.

స్కాన్ జూలైలో పడింది. ఈలోగా నా ఎడమ చెయ్యి వదులవడం మొదలైంది. ఏప్రిల్‌లో ఒక రోజు జడ నేనే వేసుకున్నాను. క్లాసులో ఎవరో, ఆంటీ నవ్వారు అన్నారు. ఇక మా ఇంట్లో ఆశ ఆగలేదు. మేఘన వారం వారం వచ్చి నా నడక వీడియో తీసేది. కుడి కాలు మాత్రం ఇంకా ఆలోచించుకునే కదిలేది. దాని గురించి ముగ్గురం మాట్లాడేవాళ్ళం కాదు.

ఒక పొద్దున మా ఆయన దేవుడి దగ్గర చాలాసేపు నిలబడటం చూసి, ఏం కోరుకుంటున్నారు అని అడిగాను.

"నా తప్పే అవ్వాలని దండం పెట్టుకుంటున్నా సుభద్రా. నా తప్పయితే నీకు తగ్గిపోతుంది" అన్నారు.

అప్పటిదాకా ఆయన మీద మిగిలిన కోపం ఆ మాటతో పోయింది. కానీ ఇద్దరం ఎక్కడ చిక్కుకున్నామో అప్పుడే అర్థమైంది. స్కాన్ ఒకటి చెబితే ఆయన జీవితాంతం కుమిలిపోతారు. ఇంకొకటి చెబితే నేను జీవితాంతం వణుకుతాను. మూడో మాట ఏ యంత్రమూ చెప్పదు.

స్కాన్‌కి టొరంటో డౌన్‌టౌన్ వెళ్ళాలి. స్రవంతికి అప్పటికి ఫుల్ లైసెన్సు వచ్చింది, ఒక పాత కారు కొనుక్కుంది. ఆ రోజు షిఫ్టు మార్చుకుని తనే తీసుకెళ్ళింది. నేను పక్క సీట్లో కూర్చున్నాను. హైవే ఎక్కగానే నా కుడి కాలు నేలను తొక్కడం మొదలుపెట్టింది.

"ఆంటీ, అక్కడ బ్రేకు లేదు" అంది.

"తెలుసులే. నువ్వు రోడ్డు చూడు" అన్నాను. వెనక సీట్లో మా ఆయన ఎన్నో నెలల తర్వాత నవ్వారు.

ఇంజెక్షన్ ఇచ్చి కొన్ని గంటలు కూర్చోబెట్టారు, మందు మెదడులో సర్దుకోవాలట. ఆ గదిలో నాలాగే ఒక ముసలావిడ ఉంది, చేతులు ఒళ్ళో దాచుకుని. తన బిస్కెట్ల ప్యాకెట్టు మా వైపు చాపింది. చాపిన చెయ్యి, అందుకున్న చెయ్యి రెండూ వణికాయి. ఇద్దరం నవ్వుకున్నాం. లోపల ఈసారి గొట్టం లేదు, తలకు చెరో పక్కన కెమెరాలు తిరుగుతూ వచ్చాయి. నా కాలు ఆగడం లేదని చూసి టెక్నీషియన్ వేడి దుప్పటి తెచ్చి, పాదాన్ని రెండు దిండ్ల మధ్య మెల్లగా సర్ది, కాలు కదిలినా పరవాలేదు, తల ఒక్కటి ఉంచండి అన్నాడు. ఏడాదిన్నరలో కదిలినా పరవాలేదు అని నాతో అన్న మొదటి మనిషి అతను. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవడానికి లేదు.

ఆగస్టులో డాక్టరు గారు స్క్రీన్ మా వైపు తిప్పారు. బాగున్నవాళ్ళ బొమ్మ ఒకటి ముందు చూపించారు. చీకట్లో రెండు జీడిపప్పులు ఎదురెదురుగా మెరుస్తున్నట్టుంది. తర్వాత నాది. జీడిపప్పులు ఉండాల్సిన చోట రెండు మిరియాలు. ఎడమ పక్కది మరీ చిన్నది. మెదడులో ఎడమ సగమే కుడి వైపును నడిపిస్తుంది, అదే మీ కుడి కాలు అన్నారు.

ఆయన ఇంకా చెప్పక్కర్లేదు. నేను మా ఆయన వైపు తిరిగాను.

"మీ మాత్ర కాదటండీ" అన్నాను.

ఆయన స్క్రీన్ వైపే చూస్తున్నారు. "కొంచెం కూడా కాదా? అడుగు సుభద్రా, కొంచెమైనా నావల్లేనేమో అడుగు" అన్నారు. మా ఆయన ఏడవడం నేను మా మామగారు పోయినప్పుడు తప్ప చూడలేదు.

అడిగాను. కొంచెం ఉంది అన్నారు డాక్టరు గారు. రోగం ముందే ఉంది, మాత్ర దాన్ని తొందరగా, ఎక్కువగా బయటపెట్టింది, ఆ ఎక్కువైనది తగ్గింది, మీ ఎడమ చెయ్యి అదే అన్నారు. మా ఆయన ఆ కొంచాన్ని పట్టుకుని కళ్ళు తుడుచుకున్నారు.

ఇది జరిగి కొన్ని నెలలైంది. కారులో నా సీటు తిరిగి రాదు. క్లాసురూములో పాఠాలు చెబుతున్నాను. కొత్త బ్యాచ్ పిల్లలకు రోడ్డు రూల్స్‌తో పాటు ఇంకో మాట కూడా చెబుతున్నాను, మీకూ అదే చెబుతున్నాను. ఇంటి నుంచి తెచ్చుకున్న మాత్ర, ఎవరికోసమో మోసుకొచ్చిన మాత్ర, గ్యాస్‌కైనా తల తిరుగుడుకైనా సరే, దాని పేరు ఇక్కడి డాక్టరుకు చూపించండి. మీ అంతట మీరు మానేయమనడం లేదు, చూపించమంటున్నాను. మందుల గడిలో దాన్ని కూడా రాయండి. స్కాన్ దొరక్కపోవడం నా చేతిలో లేదు. ఆ గడి నా చేతిలోనే ఉంది.

కొత్త మందు రోజుకు నాలుగుసార్లు. మొదటిది పరగడుపునే. మొదలుపెట్టిన రోజు పొద్దున మా ఆయన అలవాటు ప్రకారం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. స్ట్రిప్పు వెనక రేకు నా వేళ్ళకు లొంగలేదు. ఒక మాత్ర ఎగిరి ఫ్రిజ్ కిందికి దొర్లింది.

"ఏవండీ, ఇలా రండి. మీరే ఇవ్వండి" అన్నాను.

"నేనివ్వను" అన్నారు వంటింట్లోంచి.

"మీరిస్తేనే వేసుకుంటా."

వచ్చారు. స్ట్రిప్పు తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, మందు పేరు కూడబలుక్కుంటూ పైకి చదివారు. లోపల ఏమేం ఉన్నాయో చదివారు. రాసిన డాక్టరు పేరు చదివారు.

"ఎన్ని రోజులకు రాశారు?" అని అడిగాను.

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. "రోజులు రాయలేదు" అన్నారు.

నేను చెయ్యి చాపాను. ఆయన మాత్ర నా అరచేతిలో పెట్టి, గోరువెచ్చని నీళ్ళు పట్టుకుని, నేను మింగేదాకా అక్కడే నిలబడ్డారు.